పదహారు చక్రాల జోడీ

ఒక చిన్న పని చేయండి. ఇంకో ట్యాబ్ తెరిచి 'అనూప్ కుమార్, ఏషియన్ గేమ్స్ 2010' అని కొట్టండి. ముందుగా వచ్చేది కబడ్డీ అనూప్ కుమార్. యూ ముంబా కెప్టెన్‌గా ఆయన 'బోనస్' కొడుతుంటే మనమంతా టీవీ ముందు అరిచినోళ్ళమే. 2010లో చైనాలోని గ్వాంగ్జౌలో గోల్డ్ గెలిచిన ఇండియా టీమ్‌లో ఆయన ఉన్నాడు. గొప్ప ఆటగాడు, అందులో డౌటే లేదు.

కానీ ఈ వారం నేను చెప్పాలనుకున్నది ఆయన గురించి కాదు. అదే గ్వాంగ్జౌకు, అదే నవంబర్‌లో, అదే పేరుతో మన హైదరాబాద్ నుంచి ఇంకొకాయన పోయాడు. అనూప్ కుమార్ యామ. పోయి ఉత్త చేతులతో రాలేదు. ఒక బ్రాంజ్ ఒంటరిగా గెలిచాడు, ఇంకో బ్రాంజ్ అవనీ పాంచాల్ అనే స్కేటర్‌తో జోడీగా గెలిచాడు. ఏషియన్ గేమ్స్‌లో రోలర్ స్పోర్ట్స్ పెట్టిందే ఆ ఏడాది మొదటిసారి. అంటే ఆ ఆటలో మన దేశానికి వచ్చిన మొట్టమొదటి ఏషియన్ గేమ్స్ పతకాలు ఈ రెండే. రెండింట్లోనూ ఒక హైదరాబాదీ ఉన్నాడు. మీలో ఎంతమందికి తెలుసో చేతులెత్తమంటే, నాకు పెద్దగా చేతులు కనిపిస్తాయని నమ్మకం లేదు.

రోలర్ స్కేటింగ్ అంటే మనకు గుర్తొచ్చేది అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో హెల్మెట్, మోకాళ్ళకు ప్యాడ్లు వేసుకుని గోడ పట్టుకుని నడిచే పిల్లలు. లేదంటే రోడ్డు రేసులు. ఇది ఆ రకం కాదు. దీన్ని ఆర్టిస్టిక్ స్కేటింగ్ అంటారు. మంచు మీద ఫిగర్ స్కేటింగ్ రీల్స్ చూసుంటారు కదా, అబ్బాయి అమ్మాయిని ఒంటి చేత్తో తలపైకి ఎత్తి గిరగిరా తిరుగుతూ పోయే వీడియోలు? అదే ఆట, మంచు బదులు నేల, బ్లేడు బదులు చక్రాలు. ఒక్కో బూటుకు ముందు రెండు, వెనుక రెండు, మొత్తం నాలుగు చక్రాలు. బూటు కొసకు రబ్బరు స్టాపర్. ఒక మనిషికి ఎనిమిది, జోడీకి పదహారు.

బ్లేడుకైతే అంచు ఉంటది, వంగితే మంచును కోసుకుంటూ మలుగుతది. చక్రానికి అంచెక్కడిది? అందుకే బూటు కింద 'ట్రక్' అనే లోహపు ఇరుసు, దానికి రబ్బరు కుషన్లు పెడతారు. మనిషి ఒక పక్కకు ఒరిగితే కుషన్ నలిగి, ఇరుసు కాస్త తిరిగి, చక్రాలు ఆ వైపు వంపు తీసుకుంటాయి. కుషన్ ఎంత బిగించాలి, చక్రం ఎంత గట్టిది ఉండాలి అన్నది నేలను బట్టి మారుతది. చెక్క నేలకు సరిపోయిన చక్రం నున్నటి సిమెంటు మీద జారిపోవచ్చు. నాకైతే ఇది చదివినప్పుడు మా ప్రొడక్షన్ సర్వర్ గుర్తొచ్చింది. 'నా మెషీన్‌లో బాగానే నడిచింది కదా' అనే మాట అక్కడా చెల్లదు, ఇక్కడా చెల్లదు.

జోడీ ఆటలో ఏమేం చేయాలో చెప్తాను, మిగతాది అర్థం కావాలంటే ఇది కావాలి. లిఫ్ట్ తెలిసిందే. ఎత్తినాయన ఊరికే నిలబడి ఎత్తడు, చక్రాల మీద ఉరుకుతూ, తాను కూడా తిరుగుతూ ఎత్తుతాడు. త్రో జంప్‌లో అమ్మాయిని అబ్బాయి ఊపుతో విసురుతాడు, ఆమె గాల్లో తిరిగి ఒంటికాలి మీద, వెనక్కి జారుతూ దిగాలి. డెత్ స్పైరల్ అని ఒకటి ఉంది, పేరే భయం. అబ్బాయి ఇరుసులా ఒకచోట పాతుకుంటాడు, అమ్మాయి అతని చేయి పట్టుకుని నేలకు సమాంతరంగా, జుట్టు నేలకు తగిలేంత కిందికి ఒరిగి చుట్టూ తిరుగుతది. చివరిది, చూడటానికి అన్నిటికన్నా సులువుగా కనిపించేది, పక్కపక్కన నిలబడి ఇద్దరూ ఒకేలా ఎగరడం, ఒకేలా తిరగడం.

ఆ చివరిదాని దగ్గరే నేను ఆగిపోయాను.

లెక్క వేద్దాం, నాకు అదొక్కటే వచ్చు. 45 సెంటీమీటర్ల ఎత్తు ఎగిరితే మనిషి గాల్లో ఉండేది సుమారు 0.6 సెకను. రెండు చుట్లు తిరగాలన్నా, మూడు చుట్లు తిరగాలన్నా ఆ టైమ్‌లోనే. ఇక స్పిన్ చూడండి. సెకనుకు రెండు చుట్లు అనుకుందాం, అంటే 720 డిగ్రీలు. మనం కంటితో ఒకటి చూసి, దానికి తగ్గట్టు ఒళ్ళు కదపడానికి దాదాపు 0.2 సెకను పడుతది. ఆ 0.2 సెకనులో తిరిగిపోయేది 144 డిగ్రీలు. పక్కనున్న మనిషి కాస్త వెనకబడ్డాడని మీరు గమనించి సరిచేసుకునేలోపు సగం చుట్టుకు దగ్గర పడతారు. అంటే పక్కవాళ్ళను చూసి ఆడటం అనేది ఈ ఆటలో కుదరని పని. చూసేసరికే లేట్.

మరి ఎట్లా కలుస్తారు? ఇద్దరి లోపలా ఒకే లెక్క నడవాలి. మన కోలాటం చూడండి. ఎదుటి మనిషి కోల ఎప్పుడొస్తదా అని చూసి మన కోల ఎత్తితే వేలి మీద పడుతది. పాట అడుగు ఎక్కడ పడుతదో ఇద్దరికీ ఒంట్లో తెలుసు కాబట్టి కోలలు గాల్లో కలుస్తాయి. మా ఫీల్డ్‌లో రెండు సర్వర్లు ప్రతిదానికీ ఒకదాన్నొకటి అడుక్కుంటూ కూర్చుంటే పని సాగదు. ముందే గడియారాలు కలుపుకుని ఎవరి పని వాళ్ళు చేసుకుపోవాలి. జోడీ స్కేటర్లు ఏళ్ళ తరబడి చేసేది ఈ గడియారం కలుపుకునే పనే.

1973లో బ్రాటిస్లావాలో జరిగిన వరల్డ్ చాంపియన్‌షిప్‌లో సోవియట్ జోడీ ఇరీనా రోద్నినా, అలెగ్జాండర్ జైత్సెవ్ ఆడుతుంటే మధ్యలో పాట ఆగిపోయింది. వాళ్ళు ఆగలేదు. పాట లేకుండానే, చప్పుడు లేని హాల్లో, మిగతాదంతా పూర్తి చేసి గోల్డ్ తీసుకున్నారు. ఇంకో సంగతి ఏంటంటే, వాళ్ళిద్దరూ కలిసి ఆడిన మొదటి వరల్డ్ చాంపియన్‌షిప్ అదే. అంతకుముందు ఆమె జోడీ అలెక్సీ ఉలనోవ్. 1972 ఒలింపిక్ గోల్డ్ అతనితో గెలిచింది, తర్వాత 1976, 1980 జైత్సెవ్‌తో. మనిషి మారినా మెడల్ రంగు మారలేదు. అట్లాంటివాళ్ళు ఏ యాభై ఏళ్ళకో ఒకరు.

ఇదంతా నేను సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు బాపుకు చెప్తున్నాను. మాది లక్సెట్టిపేట. పాత ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు మంచిర్యాల జిల్లా, గోదావరి ఒడ్డు. అక్కడ చక్రం అంటే సైకిల్ది, ట్రాక్టర్ది, ఒకప్పుడు ఎడ్లబండిది. బాపుకు ఫోన్‌లో ఒక జోడీ వీడియో చూపించిన. రెండుసార్లు చూశాడు. పొగడ్తా లేదు, ఆశ్చర్యమూ లేదు.

"జోడు మంచిగ కుదిరింది" అన్నాడు.

"అంటే?"

"ఎడ్ల జోడు తీరు. దాపటది దాపటనే, ఎలపటది ఎలపటనే. దాపట అలవాటైన ఎద్దును ఎలపట కట్టి చూడు, సాలు వంకర పోతది. రెండూ బలమున్నయే ఉంటయి, అయినా పోతది. ఒకటి పెద్దడుగేసి ఒకటి చిన్నడుగేస్తే కాడి ఒకదాని మెడ మీదనే పడుతది."

"మరి జోడుల ఒకటి పోతే?"

"ఉన్నదానికి కొత్తదాన్ని జత జేయాలె. మళ్ళ మొదటికెంచి. కొన్ని ఎడ్లు ఇగ జత పడయి. అంగడికి కొట్టుకపోవుడే."

ఈ ఆట గురించి నేను ఇంగ్లిష్‌లో చదివిన ఏ వ్యాసమూ ఇంత సూటిగా చెప్పలేదు. ఎందుకంటే జోడీ స్కేటింగ్‌లో దాపట, ఎలపట సమస్య నిజంగానే ఉంది. మనుషుల్లో కొందరు ఎగిరేటప్పుడు సహజంగా ఎడమకు తిరుగుతారు, కొందరు కుడికి. ఎక్కువ మంది ఎడమకు. ఇది కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం లాంటిదే, చిన్నప్పుడు ఒకసారి కుదిరిపోతే మార్చడం గగనం. ఇద్దరిదీ ఒకే వైపైతే విసరడం, ఎత్తడం, పక్కపక్కన తిరగడం అన్నీ సాగుతాయి. చెరో వైపైతే మామూలుగా కోచ్‌లు జోడీయే కట్టరు.

ఇప్పుడు ఇండియాలో ఒక స్కేటర్‌కు జోడీ వెతకాలి. డేటాబేస్‌లో క్వెరీ రాసినట్టు అనుకోండి. ఆర్టిస్టిక్ చేసేవాళ్ళు కావాలి. ఎత్తులో, బరువులో తగినంత తేడా ఉండాలి. తిరిగే వైపు ఒకటే ఉండాలి. స్థాయి సమానం ఉండాలి. కలిసి ప్రాక్టీస్ చేయగలిగినంత దగ్గర్లో ఉండాలి. ఇంట్లో ఒప్పుకోవాలి. మూడో కండిషన్ దగ్గరికే రిజల్ట్ సున్నా వచ్చే ఛాన్సే ఎక్కువ. క్రికెట్‌లో ఓపెనింగ్ పార్ట్‌నర్ ఔటైతే డ్రెస్సింగ్ రూమ్‌లోంచి ఇంకొకడు వస్తాడు. ఇక్కడ డ్రెస్సింగ్ రూమే లేదు.

అందుకే ఆ 2010 జోడీ బ్రాంజ్ నాకు సింగిల్స్ బ్రాంజ్ కన్నా పెద్దదిగా కనిపిస్తది. ఇది నా అభిప్రాయం, మీరు కాదనొచ్చు. ఒకే గేమ్స్‌లో ఒకే మనిషి సింగిల్స్, పెయిర్స్ రెండూ ఆడటం అంటే రెండు వేర్వేరు ఒళ్ళు మోసుకుని పోవడం లాంటిది. సింగిల్స్‌కు ఒళ్ళు తేలికగా ఉండాలి, ఎగరాలి. పెయిర్స్‌లో ఇంకో మనిషిని మోయడానికి భుజాలు, నడుము గట్టిగా ఉండాలి. తలపైకి ఎత్తి మోసిన భుజంతోనే మళ్ళీ సింగిల్స్‌లో చేతులు బిగించి గాల్లో తిరగాలి. అనూప్ యామ రెండింట్లోనూ పోడియం ఎక్కాడు.

సరదాగా ఇంకో మాట. అదే గ్వాంగ్జౌలో హైదరాబాద్‌కు ఇంకో జోడీ మెడల్ కూడా వచ్చింది. టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్‌లో సానియా మీర్జా, విష్ణువర్ధన్ సిల్వర్ గెలిచారు. అది చాలామందికి గుర్తుంటది, సానియా కాబట్టి. డబుల్స్ కూడా జోడీయే, కాదనను. కానీ టెన్నిస్‌లో పార్ట్‌నర్ తప్పు చేస్తే పాయింట్ పోతది. ఇక్కడ తప్పు చేస్తే పార్ట్‌నర్ కింద పడుతది.

ఆ మాట ఊరికే అనలేదు. ఎలెనా బెరెజ్నాయా అనే రష్యన్ అమ్మాయి 1996లో లాత్వియాలోని రీగాలో అప్పటి జోడీ ఒలెగ్ ష్ల్యాహోవ్‌తో ప్రాక్టీస్ చేస్తోంది. చేస్తున్నది లిఫ్ట్ కాదు, త్రో కాదు. నేను పైన లెక్క వేసిన పక్కపక్కన తిరిగే స్పిన్. ఒక కాలు వెనక్కి చాచి తిరుగుతారు. ఇద్దరూ మరీ దగ్గరయ్యారు. అతని స్కేట్ బ్లేడు ఆమె తలకు తగిలి పుర్రెలోకి దిగింది. మెదడుకు ఆపరేషన్ అయింది. మాట్లాడటం మళ్ళీ నేర్చుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆంటన్ సిఖారులిద్జే ఆమెకు కొత్త జోడీ అయ్యాడు. రెండేళ్ళకే, 1998 నగానో ఒలింపిక్స్‌లో వాళ్ళకు సిల్వర్. 2002 సాల్ట్ లేక్ సిటీలో గోల్డ్. అక్కడ మళ్ళీ జడ్జింగ్ గొడవ జరిగి, కెనడా జోడీకి కూడా గోల్డ్ ఇచ్చి, చివరికి ఫిగర్ స్కేటింగ్ మార్కుల పద్ధతినే మార్చేశారు. అది ఇంకో వారం రాసుకోవాల్సిన కథ. నాకు ఇక్కడ కావలసింది ఒక్కటే. తలకు అంత దెబ్బ తగిలిన మనిషి మళ్ళీ ఇంకో మనిషి పక్కన, అంతే దగ్గరగా, అదే స్పిన్‌కు నిలబడింది.

మళ్ళీ మన అనూప్ దగ్గరికి వద్దాం. గ్వాంగ్జౌ తర్వాత ఆయన ఆగలేదు. 2013లో తైపేలో జరిగిన వరల్డ్ చాంపియన్‌షిప్‌లో ఇన్‌లైన్ విభాగంలో గోల్డ్ గెలిచాడు. ఇన్‌లైన్ అంటే చక్రాలు ఒకే వరుసలో ఉండే బూట్లు, అది ఒంటరి ఆట. 2015లో అర్జున అవార్డు వచ్చింది. ఆ ఏడాది అర్జున జాబితా చూడండి, రోహిత్ శర్మ ఉన్నాడు, మన కిదాంబి శ్రీకాంత్ ఉన్నాడు, దీపా కర్మాకర్ ఉంది. ఖేల్‌రత్న సానియాకు. వీళ్ళందరి మధ్యలో రోలర్ స్కేటింగ్ నుంచి అనూప్ కుమార్ యామ. తర్వాతి ఏడాది రియోలో దీపా ప్రొడునోవా వాల్ట్ చేస్తే దేశమంతా టీవీలకు అతుక్కుపోయింది. జిమ్నాస్టిక్స్ అంటే ఏంటో అడిగినోళ్ళు కూడా ల్యాండింగ్ గురించి మాట్లాడారు. అనూప్‌కు అట్లాంటి రాత్రి ఒకటి రాలేదు. వచ్చే దారే లేదు.

ఎందుకంటే ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్ ఒలింపిక్స్‌లో ఎప్పుడూ లేదు. ఉన్న పెద్ద వేదికల్లో ఒకటి ఏషియన్ గేమ్స్. 2014లో ఇంచియాన్‌లో రోలర్ స్పోర్ట్స్ మొత్తమే తీసేశారు. 2018లో జకార్తాకు రోలర్ స్పోర్ట్స్ తిరిగొచ్చింది, కానీ స్కేట్‌బోర్డింగ్, రోడ్డు రేసులు మాత్రమే. ఆర్టిస్టిక్ లేదు. 2022లో జరగాల్సిన హాంగ్జౌ గేమ్స్ కోవిడ్ వల్ల 2023లో జరిగాయి. అప్పుడు ఆర్టిస్టిక్ తిరిగొచ్చింది, పురుషుల సింగిల్స్, మహిళల సింగిల్స్. పెయిర్స్ మాత్రం రాలేదు. హాంగ్జౌలో మన స్పీడ్ స్కేటర్లు 3000 మీటర్ల రిలేల్లో అబ్బాయిలూ అమ్మాయిలూ చెరో బ్రాంజ్ తెచ్చారు, సంతోషం. కానీ లెక్క చూడండి. అనూప్, అవనీ ఏ ఈవెంట్‌లో పోడియం ఎక్కారో, ఆ ఈవెంట్ ఆ ఒక్కసారి తర్వాత ఈ మూడు గేమ్స్‌లోనూ మళ్ళీ లేదు.

2010లో ఇరవై ఏళ్ళున్న స్కేటర్‌కు 2023లో ముప్పై మూడు. మోకాళ్ళు, చీలమండలు, భుజం అన్నీ దీని మీదే ఖర్చు పెట్టే వయసు మొత్తం ఆ మధ్యలోనే అయిపోతది. సాఫ్ట్‌వేర్‌లో మేము నేర్చుకున్న ఫ్రేమ్‌వర్క్ రెండేళ్ళకు పాతబడితే గొణుగుతాం, యూట్యూబ్‌లో కొత్తది చూసి రెజ్యూమెలో రాసేస్తాం. ఒంట్లోకి ఎక్కించుకున్న ఆటను అట్లా మార్చుకోలేరు. పోటీల జాబితా ఎక్కడో ఒక మీటింగ్ రూమ్‌లో తయారవుతది. అందులో ఒక లైన్ కొట్టేస్తే ఇక్కడ ఒక జోడీ కెరీర్ పోతది.

ఇంకొకటి కూడా నన్ను గుచ్చుతది. జోడీ మెడల్‌లో ఇద్దరూ సమానమే, విసిరినవాడి గురి ఎంతో, గాల్లోంచి దిగినామె ధైర్యమూ అంతే. నేను చెప్పే ఈ వ్యాసంలో కూడా చూడండి, అనూప్ పేరు ఎన్నిసార్లు వచ్చింది, అవనీ పేరు ఎన్నిసార్లు వచ్చింది? సింగిల్స్ మెడల్, వరల్డ్ గోల్డ్, అర్జున ఉన్నాయి కాబట్టి ఆయన గురించి నాలుగు వార్తలైనా దొరుకుతాయి. ఆమె పేరు ఎక్కువగా ఆయన పేరు పక్కన, 'తో కలిసి' అనే మాట ముందు కనిపిస్తది. పెయిర్స్ ఫలితాల పట్టికలో మాత్రం రెండు పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి. నాకు పట్టికలు అందుకే ఇష్టం.

ఇదంతా ఇప్పుడెందుకు తవ్వుతున్నానంటే, మా ఇంట్లో దీని మీద పంచాయితీ నడుస్తోంది.

మా అక్క వాళ్ళు హైదరాబాద్‌లో ఉంటారు. వాళ్ళ బిడ్డకు పదేళ్ళు, మూడేళ్ళ నుంచి ఆర్టిస్టిక్ నేర్చుకుంటోంది. నేను రెండు మూడు ఆదివారాలు దాన్ని తీసుకుని పొద్దున్నే పోయిన. ఆరు గంటలకే స్టీలు టిఫిన్ డబ్బాలతో తల్లిదండ్రులు, చక్రాల గరగర, స్పీకర్‌లో ఒకే పాట పదిసార్లు. పిల్లలు పడతారు, లేస్తారు, ఎవరూ ఏడవరు. ఏడ్చేది తల్లిదండ్రులే. ఆ మధ్య కోచ్ అక్కను పిలిచి, ఈమెకు టైమింగ్ బాగుంది, పన్నెండేళ్ళ బాబు ఒకడున్నాడు, పెయిర్స్‌లో పెడదామా అని అడిగాడట.

అంతే. లక్సెట్టిపేటకు వార్త చేరింది. ఫోన్లో అమ్మ మొదటి మాట, "ఆడపిల్లను ఎవరో పిల్లగాడు ఎత్తుడేందే? రేపు నలుగురు చూస్తే?" రెండో మాట, "పడితే ఎవరు జిమ్మేదారి?"

అమ్మ రెండో ప్రశ్నకు నేను అమ్మ పక్షమే. బెరెజ్నాయా కథ చదివినాక కాదనేంత ధైర్యం నాకు లేదు. చిన్నపిల్లలను ఏకంగా తలపైకి ఎత్తించరు, ముందు చేతులు పట్టుకుని కలిసి జారడం, కలిసి ఆగడం, కలిసి తిరగడం. లిఫ్టులు మొదట బూట్లు లేకుండా, పరుపుల మీద. ఇవన్నీ జరుగుతున్నాయా లేదా అని కోచ్‌ను అడగాలి, ఒకసారి కాదు, వారం వారం అడగాలి. రింక్‌లో పక్కన ఇంకెంతమంది తిరుగుతున్నారో చూడాలి. దెబ్బ తగిలితే దగ్గర్లో ఆసుపత్రి ఏదో తెలిసుండాలి. అక్క ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని పోయి అడిగింది కూడా. కోచ్ ఓపిగ్గా జవాబులు చెప్పాడట. అది నాకు నచ్చింది.

మొదటి ప్రశ్న దగ్గర మాత్రం అమ్మతో నాకు పడట్లేదు. "బస్సుల కండక్టర్ పక్కన నిలబడ్డా తాకుతది కదనే" అంటే, "అది వేరే" అంటది. ఏది వేరేనో చెప్పదు. విచిత్రం ఏంటంటే ఈ విషయంలో బాపు నోరు మెదపలేదు. మూడో రోజు మాత్రం అక్కకు ఫోన్ చేసి అడిగింది ఒకటే. "ఆ పిల్లగాడు దాపటనా, ఎలపటనా?"

అక్కకు అర్థం కాలేదు. నాకు ఫోన్ చేసింది. "తమ్మీ, బాపు ఏదో ఎడ్ల సంగతి అడుగుతుండు, ఏంది కథ?" విషయం చెప్పిన. పోయి కోచ్‌ను అడిగింది. మా మేనకోడలు ఎడమకు తిరుగుతది. ఆ బాబు కుడికి.

కోచ్‌కు అది ముందే తెలుసట. చూద్దాం, పిల్లలు చిన్నోళ్ళే కదా, ఒకరిని మార్చగలమేమో అంటున్నాడు. మా మేనకోడలు మాత్రం మొహం వేలాడేసుకుంది. దానికి లిఫ్టులూ మెడల్సూ ఏం పట్టలేదు. ఇన్నాళ్ళకు రింక్‌లో కలిసి పడటానికి ఒక ఫ్రెండ్ దొరికాడు, వాడు పోతాడేమోనని దాని బాధ.

పోయిన ఆదివారం దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక పాత వీడియో చూపించిన. క్రిస్టీ యమగూచి, రూడీ గాలిండో. అమెరికా జోడీ. క్రిస్టీ ఎడమకు తిరుగుతది, రూడీ కుడికి. మామూలు లెక్క ప్రకారం అసలు కుదరకూడని జోడు. 1989లో, 1990లో వరుసగా రెండేళ్ళు అమెరికా పెయిర్స్ చాంపియన్లు వాళ్ళే. పక్కపక్కన ఎగిరితే అద్దంలో బొమ్మ ఎగిరినట్టు ఉంటది. తర్వాత విడిపోయారు. క్రిస్టీ సింగిల్స్‌లో 1992 ఒలింపిక్ గోల్డ్ గెలిచింది, రూడీ 1996లో అమెరికా పురుషుల చాంపియన్ అయ్యాడు. ఈ విడిపోయిన ముచ్చట మాత్రం దానికి చెప్పలేదు, ఇప్పుడే ఎందుకని.

వీడియో మొదటిసారి ఊరికే చూసింది. రెండోసారి స్పిన్ దగ్గర వేలు పెట్టి ఆపింది. వెనక్కి జరిపింది. మళ్ళీ చూసింది.

"మామా, వీళ్ళు ఉల్టా తిరుగుతున్నరు."

"అవును."

"మార్కులు కట్ కాలేదా?"

"చాంపియన్లు అయ్యిండ్రు."

ఇంకేం అడగలేదు. లింక్ ఆ బాబు వాళ్ళమ్మ నంబర్‌కు పంపమంది. పంపిన. ఫోన్ మాత్రం తిరిగి నా చేతికి రాలేదు. బ్యాటరీ తొమ్మిది శాతం ఉందని చెప్తే, చార్జర్ ఎక్కడుందని అడిగింది.